కోళ్ళ గంపలో వచ్చిన కాలిక్యులేటర్లు

చెన్నరాయప్ప తాత లెక్కల అయ్యవారు అయింది ఎద్దుల పుణ్యమా అని. చదువు మీద ప్రేమ అని ఆయన చెప్పుకుంటాడు గానీ, అసలు సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. కృష్ణగిరి జిల్లాలో తళి దగ్గర వాళ్ళది నాలుగు తరాల సేద్యం. పద్దెనిమిదో ఏట నాగలి చేతికిస్తే ఆయన వేసిన మొదటి చాలు కొంచెం దూరం తిన్నగా పోయి, నడుమ ఎడమకు వంగి, చివరికి పక్కవాళ్ళ రాగి చేలో తేలింది. గట్టు మీద నిలబడిన వాళ్ళ నాయన దాన్ని చాలాసేపు చూశాడు.

"నువ్వు బడికే పోప్పా. ఆడైతే గీత వంకర పోయినా తుడిపేయొచ్చు" అన్నాడు.

అలా ఎద్దులు బతికిపోయాయి. ఆ తర్వాత కాలేజీలో తాత తన చాలు లాంటి వంపునే పుస్తకంలో చూశాడు. దానికో పేరు, ఒక సమీకరణం కూడా ఉన్నాయి. ఆ రోజు నుంచి ఆయనకు గ్రాఫుల పిచ్చి పట్టుకుంది. పెళ్ళయ్యాక తిమ్మక్క అవ్వకు మొదట నేర్పింది కూడా అదేనట. ఆమె వంటింట్లో పడి పడి నవ్విందట.

తళి దారిలోని తెలుగు బడిలో ఆయన ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాడు. గ్రాఫు పాఠం వచ్చిందంటే తరగతికి పండగే. పురికొసను సుద్దపొడిలో అద్ది, ఇద్దరు పిల్లలు ఆ కొసా ఈ కొసా బోర్డుకు అదిమి పట్టుకుంటే, తాత నడుమ లాగి టప్పుమని వదిలేవాడు. ఒక తెల్ల గీత పడేది. అడ్డం ఇరవై, నిలువు ఇరవై. గళ్ళన్నీ పూర్తయ్యేసరికి ఆయన మీసం తెల్లబడేది, ముందు బెంచీవాళ్ళు తుమ్మేవాళ్ళు, గంట కొట్టేసేవాళ్ళు. గ్రాఫు మాత్రం మర్నాటికి పడేది. మర్నాడు ఉదయానికి ఇంగ్లీషు టీచరు బోర్డు తుడిచేసి ఉండేది.

ఇంకొక ఏడాదిలో రిటైరు అవుతాడనగా, 2004లో, కృష్ణగిరిలో లెక్కల టీచర్లకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. బెంగళూరులోని ఒక ట్రస్టు తరఫున రశ్మి అనే అమ్మాయి అక్కడికి వచ్చింది. ఆమె సంచిలోంచి తీసిన వస్తువును చూసి తాత మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. అరచేతికి కాస్త పెద్దదైన కాలిక్యులేటరు అది. లెక్క చెప్పడమే కాదు, తన చిన్న తెర మీద గ్రాఫు కూడా గీస్తుంది. అంతకన్నా విడ్డూరం ఏమిటంటే, అలాంటి ఇరవై కాలిక్యులేటర్లను వైర్లతో కలిపేయవచ్చు. పిల్లలు ఎవరి దాంట్లో వాళ్ళు అంకెలు కొడితే, అందరివీ కలిసి ఒక పెద్ద తెర మీద ఒకే గ్రాఫుగా పడతాయి.

తాతకు పురికొస గుర్తొచ్చింది.

"మా బడికి ఇస్తావామ్మా?"

"ఒక టర్మ్‌కి ఇస్తాను సార్. అయితే షరతు ఉంది" అంది రశ్మి. "వినాయక చవితి అయినాక వచ్చి చూస్తాను. పుస్తకంలో లెక్కలు చేయించి చూపించకూడదు. పిల్లలే కొలిచి తెచ్చిన అంకెలు ఉండాలి. వాటిని కలిపి గ్రాఫు గీసి, అదేమిటో పిల్లలే నాకు చెప్పాలి. అలా జరిగితే పెట్టె మీ బడికే. లేకపోతే ఇంకో బడి కాచుకొని ఉంది."

"అంతేనా?" అన్నాడు తాత. ఎద్దుల్ని అప్పగించిన రోజు కూడా ఆయన అదే మాట అన్నాడట.

రశ్మి బెంగళూరు నుంచి సేలం పోతూ కాలిక్యులేటర్ల పెట్టెను జూజువాడి చెక్‌పోస్టు దగ్గర ఒక టీ కొట్లో వదిలిపెట్టింది. మోపెడ్ మీద పోయిన తాతకు అప్పుడు తెలిసింది, పెట్టె వెనక సీటు మీద నిలవదని. కానీ ఆయన అంత తెలివితక్కువవాడు కాదు. ముందుచూపుతో ఇంట్లోంచి ఒక గంప తెచ్చుకున్నాడు. అది అవ్వ కోళ్ళను కప్పెట్టే గంప. అడగకుండా తెచ్చాడు.

కాలిక్యులేటర్లను ఒక్కొక్కటే గంపలోకి సర్దుతుంటే టీ కొట్టు వీరాస్వామి లారీవాళ్ళను వదిలేసి వచ్చి చూశాడు.

"ఏం సార్, గుడ్లు పెడతాయా ఇవి?"

"గ్రాఫులు పెడతాయప్పా."

"పొదగాలంటే ఎన్ని దినాలు?"

"చవితి వరకూ టైమిచ్చినారు."

ఇంటికొచ్చేసరికి కోళ్ళన్నీ వంటింట్లో ఉన్నాయి. ఒకటి రాగి పిండి గిన్నెలో నిలబడి ఉంది. అవ్వ గడపలో నిలబడి ఉంది.

"అయ్యవారూ, నా గంప యాడ?"

"బడికి పోతాది. సర్కారు పని మాదిరి అనుకో."

"కోళ్ళకు ఎవరు చెప్తారు, సర్కారు పని అని?"

గంప బడికి పోయింది. హెడ్‌మాస్టరు శేషప్ప దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయబోయాడు గానీ గంప పట్టలేదు. అందుకని ఆయన గది మూలలోనే ఉంచారు. నాలుగేసి కాలిక్యులేటర్లకు ఒక చిన్న డబ్బా, అలాంటివి ఐదు. ఆ ఐదు డబ్బాలూ వైరు లేకుండానే టీచరు బల్ల మీదున్న ఒక పెద్ద డబ్బాతో మాట్లాడతాయి. పెద్ద డబ్బా నుంచి బడిలోని కంప్యూటరుకు ఒక వైరు, దాని పక్కన టీచరుకు విడిగా ఇంకొక కాలిక్యులేటరు. గంపలో వచ్చాయి కాబట్టి తొమ్మిదో తరగతి పిల్లలు పెద్ద డబ్బాకు కోడి అని, చిన్నవాటికి కోడిపిల్లలని పేరు పెట్టారు. "సార్, మా కోడిపిల్ల పలకడం లేదు" అంటే వైరు ఊడిందని అర్థం.

తొమ్మిదిలో ఇరవై మందే ఉండడం మేలైంది, తలా ఒకటి. మొదటి రోజు అందరూ తమ వయసు, ఎత్తు కొట్టి పంపారు. కంప్యూటరు తెర మీద ఒక మూల చుక్కలన్నీ చీమల గుంపులా చేరాయి. ఒక్క చుక్క మాత్రం ఎక్కడో కుడి అంచున ఒంటరిగా నిలబడింది.

"డెబ్బై ఒక్క ఏండ్లా? ఎవరురా అది?"

తిలక్ లేచాడు. "మా అవ్వ సార్. ఇంట్లో ఒక్కతే కూర్చోనుండాది, ఆమెనీ కలిపినాను."

తాత తిట్టలేదు. ఆ ఒంటరి చుక్క గురించే మిగతా గంటంతా పాఠం చెప్పాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి గంట కొట్టినా ఎవరూ లేవలేదు. (తాత మనవళ్ళలో ఒకరు లెక్కల్లో తప్పి బడి మానేసిన సంగతి ఇక్కడ ఎత్తాల్సిన పని లేదు. ఆ తరగతిలో అయితే తప్పేవాడు కాదని మాత్రం చెప్పొచ్చు.)

ఇక రశ్మి షరతు. పిల్లలు ఏం కొలవాలి? తాత ఆలోచించి పొట్లకాయను ఎంచుకున్నాడు. ఆ ఎత్తు ఊళ్ళలో పందిరి లేని ఇల్లు లేదు. పొట్లకాయ రోజురోజుకూ కంటికి కనబడేలా సాగుతుంది. మొదట నెమ్మదిగా, నడుమ పరుగున, చివర మళ్ళీ నింపాదిగా. గ్రాఫు గీస్తే రాయకోట వైపు నుంచి కొండెక్కే బస్సు దారిలా ఉంటుంది. కింద చదును, ఆ తర్వాత ఎక్కుడు, పైన మళ్ళీ చదును. "రోజూ పొద్దున కాయను టేపుతో కొలిచి రాసుకోండి" అని చెప్పాడు. చెప్పినవాడు తానూ చేయాలి కదా అని ఇంటికెళ్ళి టేపు పట్టుకుని పందిరి కిందికి దూరాడు.

"ఏమి చేస్తా ఉండావు ఆడ?" అంది అవ్వ.

"ఈ పిందె ఎంత పొడుగుందో..." అని తాత వేలు చూపించబోయాడు.

అవ్వ చీపురు కట్టతో ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "వేలు చూపిస్తేనే పిందె కుళ్ళిపోతాది. నువ్వు టేపు పెడతావా? పోయిన ఏడు ఆంజప్ప ఇంట్లో సొరపిందెల్ని లెక్కపెట్టినారు. ఒక్కటైనా నిలిచిందా?"

"ఇది చదువు విషయమే."

"పిందెకు తెలీదు చదువని. పందిరి నాది, నాటిన చెయ్యి నాది. కావాలంటే బడి గోడని కొలుచుకో పో."

తాత చెయ్యి రుద్దుకుంటూ లోపలికి పోయాడు. చేసేది లేక కాగితం మీద తనకు తోచిన అంకెలు వేసుకున్నాడు. రోజుకు ఆరు సెంటీమీటర్ల చొప్పున.

వారం తర్వాత పిల్లలంతా అంకెలు కొట్టి పంపారు. తాత చేతులు రుద్దుకుంటూ తెర వైపు తిరిగాడు. ఇరవై ఇళ్ళ పొట్లకాయలూ ఇరవై తిన్నని గీతలై, కరెంటు తీగల్లా ఒకదాని మీద ఒకటి సాగి ఉన్నాయి. ఒకటి రోజుకు ఐదు, ఒకటి ఏడు, ఒకటి సరిగ్గా పది. ఆదివారం కూడా సెలవు తీసుకోకుండా పెరిగిన పొట్లకాయలు!

ప్రాణమున్నది ఏదీ అలా పెరగదు. తన చాలే తిన్నగా పోలేదు.

"ఎవరూ కొలవలేదు కదా?" అన్నాడు తాత.

తరగతిలో అందరూ బల్లల వైపే చూశారు. చివరికి ముందు బెంచీలోని రంజిత లేచింది. తరగతిలో అబద్ధం రానిది ఆమె ఒక్కతే, అందుకే పిల్లల గీతల్లో ఆమెదే అన్నిటికన్నా తిన్నగా ఉంది.

"మా అవ్వ కొలవనీలేదు సార్. పిందెని ముడితే నిలవదంట."

"మా అమ్మ కూడా సార్." "మా ఇంట్లో టేపు దాచిపెట్టేసినారు సార్." "నన్ను కొట్టినారు సార్." అన్ని మూలల నుంచీ గోల లేచింది.

"మరి ఈ ఇరవై ఒకటో గీత ఎవరిది సార్?" అని అడిగాడు తిలక్, కోడి పక్కనున్న టీచరు కాలిక్యులేటరు వైపు చూస్తూ. "అది అందరికంటే తిన్నగా ఉండాది."

తాత గొంతు సవరించుకున్నాడు. "అది... మా ఇంట్లో కూడా ఒక అవ్వ ఉండాదిలే" అన్నాడు. తరగతంతా బల్లలు గుద్ది నవ్వింది. తాత కూడా నవ్వాడు గానీ, సాయంత్రం మోపెడ్ మీద వస్తుంటే ఆ నవ్వు దారిలోనే ఎక్కడో జారిపోయింది. రశ్మి రావడానికి పద్దెనిమిది రోజులు ఉంది. దొంగ అంకెలు చూపించడానికి ఆయనకు మనసు రాదు. నిజం అంకెల్ని అవ్వలు ఇవ్వరు. గంప ఇంకో బడికి పోతుంది. ఏప్రిల్‌లో తానూ ఇంటికి పోతాడు, బడి మళ్ళీ పురికొస దగ్గరికే.

ఆ సాయంత్రం ఆయన కాఫీ ముట్టలేదు. పందిరి కింద అవ్వ పొట్లకాయలకు రాళ్ళు కడుతోంది. కాయ వంకర పోకుండా కొనకు దారం కట్టి, దానికి నిమ్మకాయంత రాయి వేలాడదీయడం అక్కడి వాళ్ళ పద్ధతి. ఆ బరువుకు కాయ తిన్నగా దిగుతుంది.

"ఏమి అయ్యవారూ, మొహం వాడిపోయిండాది? కోళ్ళు పొదగలేదా?"

తాత తల వంచుకుని గుంజకు ఆనుకున్నాడు. అవ్వ తనలో తానే మాట్లాడుకుంటూ ఒక పెద్ద కాయ దగ్గర నిలబడింది. "ఈ రాయి మొన్న నా నడుముకాడ ఉండె. నిన్న తొడకి దిగింది. ఈపొద్దు చూడు, మోకాలికి వచ్చేసింది. నాలుగు దినాల్లో కోసేయొచ్చు."

తాత తల ఎత్తాడు.

"ఏమంటివి?"

"కోసేయొచ్చు అంటిని."

"దానికి ముందు! నడుము, తొడ, మోకాలు... నువ్వు కొలుస్తా ఉండావు కదే!"

"నేను యాడ కొలిచినాను? కాయను కంటితో కూడా చూడలేదు. రాయిని చూసినాను."

"అయితే రాయిని కొలవచ్చా?"

"రాయిని ఎవరు వద్దన్నారు? రాయికి దిష్టి తగిలితే ఏమైపోతాది, ఇసుక అయిపోతాదా?"

తాత అవ్వ రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పబోయాడు. దారం అడ్డం పడి ఇద్దరూ పందిరి గుంజకు గుద్దుకున్నారు. యాభై ఏడేళ్ళ మనిషికి అది తగని పని అని అవ్వ ఇప్పటికీ అంటుంది. అనేటప్పుడు నవ్వు మాత్రం ఆపుకోలేదు.

మర్నాటి నుంచి ఊళ్ళలో కొత్త కొలత మొదలైంది. కాయను ముట్టకూడదు. నేల నుంచి రాయి ఎంత ఎత్తులో ఉందో రోజూ పొద్దున కొలవాలి. అవ్వలెవరూ అడ్డు చెప్పలేదు. పైగా నీళ్ళ బోరింగు దగ్గర "మీ రాయి యాడికి వచ్చె?" "మాది పిక్కకి దిగె" అని ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు. పొట్లకాయ మాట ఎత్తినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఈసారి వచ్చిన అంకెలు గతుకుల రోడ్డులా ఉన్నాయి. రాయి ఒకరోజు మూడు సెంటీమీటర్లు దిగింది, మర్నాడు ఏడు, వాన పడిన రోజు తొమ్మిది. ఆ గతుకుల్ని చూసి తాత కడుపు నిండిపోయింది.

చవితి వెళ్ళిన నాలుగో రోజు రశ్మి వచ్చింది. శేషప్ప ఇస్త్రీ చొక్కాలో ఆమెను తరగతిలోకి తీసుకొచ్చాడు. వచ్చినవాళ్ళకు భోజనం పెట్టాలని అవ్వ ఆ పొద్దున కోసిన పొట్లకాయను కూరకు తెచ్చి, వరండాలో కత్తిపీట వేసుకుని కూర్చుంది. కూర ఒక సాకు. తన గంప సంగతి తేల్చుకోవడానికి వచ్చింది.

పిల్లలు అంకెలు పంపారు. కోడి పలికింది. తెర మీద ఇరవై గీతలు పడ్డాయి.

ఇరవైకి ఇరవై గీతలూ కిందికి దిగుతున్నాయి.

రశ్మి నుదురు ముడిచింది. "సార్, పొట్లకాయ పెరుగుదల అన్నారు కదా? ఇవన్నీ రోజురోజుకూ చిన్నవైపోతున్నాయే!"

రాళ్ళ సంబరంలో తాత, రాయి ఎత్తును కాయ పొడవుగా మార్చే చివరి మెట్టే మరిచిపోయాడు. నోరు తెరిచాడు. కానీ పిల్లలే చెప్పాలన్నది షరతు. మళ్ళీ నోరు మూసుకున్నాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన పడిన అతి పెద్ద కష్టం ఆ గమ్మునుండడమే.

రంజిత లేచి నిలబడింది. "అవి కాయలు కాదు మేడం, రాళ్ళు."

"రాళ్ళా?"

రంజిత చెప్పింది. పిందెను ముట్టకూడదని, రాయికి ఆ భయం లేదని, కాయ సాగేకొద్దీ రాయి నేల వైపు దిగుతుందని. రశ్మి వింటూ వింటూ బెంచీ మీద కూర్చుండిపోయింది.

"మరి ఇదేంటి?" ఒక గీతను చూపించింది. అన్నీ నింపాదిగా దిగుతుంటే అది పదో రోజున ధబీమని సున్నాకు పడిపోయింది.

తిలక్ లేచాడు. "అది మా మేక మేడం. కాయ తినేసింది. రాయి మిగిలె."

శేషప్పే మొదట నవ్వాడు.

"సరే, రాయి సంగతి తెలిసింది. కాయ ఎంత పెరిగిందో ఇందులోంచి చెప్పగలరా?" అంది రశ్మి.

తరగతి సద్దుమణిగింది. పిల్లలకు తెలియక కాదు. చెప్తే కాయకు దిష్టి తగులుతుందేమోనని. రంజిత వరండా వైపు చూసింది.

"కోసినంక చెప్పొచ్చమ్మా!" అని అక్కడి నుంచే కేక వేసింది అవ్వ. "కోసినంక అది కూర. కూరకి ఏమి దిష్టి? మీ ఇండ్లల్లో కూడా అన్నీ కోసేసినారు, నేను విచారించినాను."

అంతే, ఇరవై మంది వేళ్ళు ఒకేసారి మీటల మీద పడ్డాయి. పందిరి ఎత్తులోంచి రాయి ఎత్తు తీసేయాలి, దారం పొడవు తీసేయాలి. మిగిలేదే కాయ. ఎవరి పందిరి వాళ్ళది, ఎవరి దారం వాళ్ళది. ఒక్కొక్కరే పంపుతుంటే తెర మీద గీతలు ఒక్కొక్కటే తలకిందులై పైకి లేచాయి. కింద చదును, నడుమ ఎక్కుడు, పైన మళ్ళీ చదును. ఇరవై బస్సులు ఒకేసారి కొండెక్కినట్టు. మేక తిన్నది మాత్రం సగం దారిలో ఆగిపోయింది. సున్నాకు ముందు రోజు దాకానే లెక్క కట్టాలని తిలక్ తనంతట తానే గ్రహించాడు.

టీచరు కాలిక్యులేటరులో తాత ఇంటి లెక్క కూడా ఉంది. రంజితే వచ్చి కొట్టింది. పందిరి నూట తొంభై, రాయి యాభై నాలుగు, దారం పద్దెనిమిది. నూట పద్దెనిమిది అని వచ్చింది.

రశ్మి సంచిలోంచి టేపు తీసి వరండాలోకి నడిచింది. తరగతంతా వెనకే పరిగెత్తింది. అవ్వ కత్తిపీట పక్కకు జరిపి పొట్లకాయను నేల మీద చాపింది. రశ్మి ఈ కొస పట్టుకుంటే రంజిత ఆ కొస పట్టుకుంది.

"నూట పదిహేడు!"

"ఇంకో సెంటీమీటరు మీ కోడి తినేసిండాది" అంది అవ్వ.

ఆ అరుపులకు పక్క తరగతివాళ్ళు కిటికీల్లోకి ఎక్కారు. రశ్మి టేపు చుట్టుకుంటూ శేషప్పతో, "సార్, ఇదంతా పట్టే, తాళం ఉన్న బీరువా ఒకటి చూడండి. పెట్టె ఇక్కడే ఉంటుంది" అంది. తాత జేబులోంచి రుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. సుద్దపొడి అని చెప్పాడు. అద్దాల మీద సుద్దపొడి ఏమీ లేదు.

కూరలో అందరికీ తలా రెండు ముక్కలే వచ్చాయి.

సాయంత్రం తాత మోపెడ్ వెనక ఖాళీ గంప కట్టుకుని, దాని ముందు అవ్వను ఎక్కించుకుని ఇంటికొచ్చాడు. కోళ్ళు గంపను చూసి కొంచెం దూరం జరిగాయి. వంటింటికి అలవాటు పడిపోయాయి.

"ఇదిగో నీ గంప. పిల్లలు బడిలోనే నిలిచిపోయినాయి" అన్నాడు తాత. ఆ హుషారులోనే పందిరి వైపు చూశాడు. "అరెరె, ఆడ చూడే, కొత్తగా ఒక పిందె..." అని చెయ్యి చాచాడు.

అవ్వ చీపురు అందుకుంది.

తాత చప్పున వేలు మడిచాడు.